ఎవరి చేతికి ఏ పుస్తకం: తెలుగు రాష్ట్రాల బడి గ్రంథాలయాల్లో సమానత్వం

ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలన్నది 2009 నాటి విద్యాహక్కు చట్టం పెట్టిన నియమం. తాగునీరు, మరుగుదొడ్లు, ఆటస్థలంతో పాటు గ్రంథాలయాన్నీ ఆ చట్టం షెడ్యూలులో చేర్చారు. అందులో దినపత్రికలు, ఇతర పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలూ ఉండాలన్నారు. గది ఉందా, పుస్తకాలు ఉన్నాయా అని తనిఖీకి వచ్చినవారు చూసి వెళ్తారు. ఆ పుస్తకాలు ఏ పిల్లల చేతికి వెళ్తున్నాయి, ఎవరి చేతికి ఎప్పుడూ వెళ్లడం లేదు అన్నది మాత్రం ఎవరూ అడగరు. బడి గ్రంథాలయంలో సమానత్వం గురించి మాట్లాడాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పుస్తకాల్లో అన్ని రకాల బతుకులూ కనిపించాలన్న వైవిధ్యం, చూపు, వినికిడి, భాష, పేదరికం వంటి కారణాలతో ఏ బిడ్డా బయట ఉండిపోకూడదన్న సమ్మిళిత దృష్టి రెండూ ముఖ్యమైనవే. కానీ బీరువా తెరవని చోట ఎంత మంచి పుస్తకం ఉన్నా ఒకటే.

ఈ ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలిశాయి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కొల్లూరు ప్రాంతంలో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పల్లెవాళ్లు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే పల్లెకు వెళ్లాలన్నది దాని వెనకున్న ఆలోచన. దాదాపు అదే కాలంలో, 1931లో, ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసులో తన అయిదు గ్రంథాలయ సూత్రాలను ప్రకటించారు. పుస్తకాలు ఉన్నది వాడటానికేనని మొదటి సూత్రం చెబుతుంది. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు ఉండాలని తరువాతి రెండూ చెబుతాయి. సమానత్వం, వైవిధ్యం, సమ్మిళితం అని ఈరోజు చెప్పేదంతా ఆ మూడు సూత్రాల్లో ఇమిడే ఉంది. అయితే ఆ ఉద్యమం ప్రధానంగా పెద్దల కోసం, పౌర గ్రంథాలయాల కోసం నడిచింది. బడి గ్రంథాలయానికి అలాంటి ఊపు ఎన్నడూ రాలేదు.

డబ్బు అసలే రావడం లేదని చెప్పడం సరికాదు. 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకం బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటుకు వీలు కల్పించింది. వారానికి ఒక గ్రంథాలయ పీరియడ్ ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సూచించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో ‘వియ్ లవ్ రీడింగ్’ కార్యక్రమం, తెలంగాణలో 2022 ఫిబ్రవరిలో 100 రోజుల ‘రీడ్’ కార్యక్రమం మొదలయ్యాయి. ఇవన్నీ మంచి ప్రయత్నాలే. కానీ ప్రచార కార్యక్రమానికి ముగింపు తేదీ ఉంటుంది, పిల్లలకు పుస్తకాలిచ్చే పనికి ఉండకూడదు. పాఠశాలల వార్షిక గణాంకాల్లో గ్రంథాలయం, పుస్తక నిధి, రీడింగ్ కార్నర్ మూడింటినీ కలిపి ఒకే అంకెగా చూపడం వల్ల ఇంకో చిక్కు ఉంది. హెడ్మాస్టరు గదిలో తాళం వేసిన ఇనుప బీరువా, గ్రంథపాలకుడు ఉన్న విశాలమైన గది లెక్కలో ఒకటే అవుతాయి. ప్రాథమిక పాఠశాలల్లో గ్రంథపాలకుడి పోస్టు అన్నదే ఉండదు. ఉన్న టీచర్లలోనే ఒకరు ఆ పనిని అదనపు బాధ్యతగా చూసుకుంటారు.

బీరువాకు తాళం ఎందుకు పడుతుందో అర్థం చేసుకోవాలి. అది సోమరితనం కాదు, ఎక్కువగా భయం. పుస్తకం పోతే తన జీతంలోంచి కట్టాలేమోనని, స్టాకు తనిఖీలో లెక్క తేలకపోతే మెమో వస్తుందేమోనని టీచరు జంకుతారు. నిజానికి కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) ఈ విషయంలో ఉదారంగా ఉన్నాయి. ఏడాదిలో ఇచ్చిన లేదా చూసిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోవడం సహజమేనని, మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేకుంటే దాన్ని సమంజసమైన నష్టంగా పరిగణించవచ్చని అవి చెబుతాయి. 1,000 రూపాయలకు మించిన పుస్తకం పోతే మాత్రం విచారణ జరపాలి. ఇంత స్పష్టమైన సూత్రాన్ని రాష్ట్ర విద్యాశాఖలు కూడా బడులకు వర్తించేలా సర్క్యులర్‌గా పంపితే, ఏ కొత్త గ్రాంటూ లేకుండానే వేల బీరువాలు తెరుచుకునే అవకాశం ఉంది. చిన్నపిల్లల పుస్తకం అట్ట ఊడటం, పేజీ మాయడం అది చదివారనడానికి గుర్తు. నలగని పుస్తకాన్ని చూసి గర్వపడే బడి తన గ్రంథాలయం గురించి ఆందోళన చెందాలి.

జరిమానాల సంగతీ ఇలాంటిదే. ఆలస్యానికి రోజుకో రూపాయి అన్న నియమం కలిగినింటి బిడ్డను ఆపదు. కూలికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డ మాత్రం ఒకసారి పది రూపాయలు పడ్డాక మళ్లీ పుస్తకం అడగదు. అమెరికా గ్రంథాలయ సంఘం 2019లో ఈ జరిమానాలు సామాజిక అసమానతకు ఒక రూపమని తీర్మానం చేసింది. అదే ఏడాది షికాగో ప్రజా గ్రంథాలయం వాటిని ఎత్తేసింది. మన బడుల్లో జరిమానాకు బదులు అట్టలు వేసే పనో, చిన్నపిల్లలకు కథ చదివి వినిపించే పనో ఇవ్వవచ్చు. అయితే ఆ పని శిక్షలా కనిపించకూడదు. గది ఊడ్చే పని ఎప్పుడూ ఫలానా పిల్లలకే, పుస్తకాలిచ్చే లీడరు పని ఎప్పుడూ మరి కొందరికే దక్కుతుంటే కులం గ్రంథాలయంలోకి అలాగే నడిచి వచ్చినట్టు.

గ్రంథాలయం ఎవరిదో చెప్పగల అసలు సాక్ష్యం ఇష్యూ రిజిస్టరు. తేదీ, విద్యార్థి పేరు, తరగతి, పుస్తకం నంబరు, సంతకం, తిరిగిచ్చిన తేదీ అన్న గడులతో రూళ్లు గీసిన మామూలు నోటుపుస్తకం అది. ఒక టర్ము మొత్తాన్ని ముందు పెట్టుకుని హాజరుపట్టీతో పోల్చి చూస్తే చాలా విషయాలు బయటపడతాయి. ఒక్కసారి కూడా పుస్తకం తీసుకోని పిల్లలు ఎవరు? వాళ్లు ఎక్కువగా ఒకే వాడ నుంచి వస్తున్నారా, మధ్యాహ్నం తరువాత తరచూ గైర్హాజరయ్యేవాళ్లా, ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లా? ఆడపిల్లలు ఆరో తరగతిలో తీసుకున్నన్ని పుస్తకాలు తొమ్మిదిలో తీసుకుంటున్నారా? పదే పదే తిరిగే పుస్తకాలేవి, ఏళ్ల తరబడి కదలనివేవి? ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. రిజిస్టరులో కులం, మతం, వైకల్యం రాయడానికి గడులు గీయకూడదు. అది మేలు చేయబోయి కొత్త ముద్ర వేయడమే అవుతుంది. పోలిక అంతా టీచరు దగ్గర, ప్రవేశాల రిజిస్టరు సాయంతో, అంకెల రూపంలోనే ఉండాలి. ఏ బిడ్డ ఏ పుస్తకం చదివిందన్నది తరగతిలో నలుగురి ముందూ ప్రస్తావించే విషయం కాదు.

పుస్తకం తీసుకోని పిల్లల్లో పెద్ద వర్గం చదవడం సరిగా రానివాళ్లు. గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం అని అసర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వేలు చూపించాయి. అంటే ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి తమ తరగతికి ‘తగిన’ పుస్తకం అందని పండే. ఏడో తరగతి పిల్లవాడికి మూడో తరగతి స్థాయి అక్షరాలున్న పుస్తకం కావాలి. అందులో కథ మాత్రం పన్నెండేళ్ల మనసుకు తగినదై ఉండాలి. కాకి, నక్క బొమ్మల పుస్తకం అతని చేతిలో పెడితే స్నేహితులు నవ్వుతారని అతను అసలు గదికే రాడు. క్రికెట్, బళ్ల రిపేరు, దయ్యాల కథలు, సినిమా వెనక సంగతులు వంటి విషయాలపై చిన్న వాక్యాల తెలుగు పుస్తకాలు చాలా తక్కువ. ప్రచురణకర్తలు ఇంకా సరిగా అడుగుపెట్టని రంగం ఇది.

ఇక పుస్తకాల్లో ఎవరున్నారన్న ప్రశ్న. దీన్ని లెక్కగట్టి చూపిన తొలి ప్రయత్నాల్లో ప్రసిద్ధమైనది అమెరికాలో నాన్సీ లారిక్ 1965లో ప్రచురించిన వ్యాసం. 1962 నుంచి 1964 దాకా వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలను పరిశీలిస్తే నల్లజాతివారు ఒక్కరైనా కనిపించినవి 6.7 శాతమేనని ఆమె తేల్చారు. 1985లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని బాలల పుస్తక కేంద్రం లెక్క మొదలుపెట్టినప్పుడు, ఆ ఏడాది వచ్చిన దాదాపు 2,500 పుస్తకాల్లో నల్లజాతి రచయితలు, చిత్రకారుల పేర్లున్నవి 18. పిల్లల పుస్తకం చదివేవారికి తమ ముఖం చూపే అద్దంలాగా, ఇతరుల లోకం చూపే కిటికీలాగా ఉండాలని రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో రాసిన మాట ఈ చర్చలో ఇప్పటికీ ఆధారం. తెలుగు బాలల పుస్తకాలకూ ఏటేటా ఇలాంటి గణన జరగాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు అది అందుబాటులో ఉన్న పనే.

ఆ గణన లేకపోయినా ఒక బడి తన బీరువాలోని 100 పుస్తకాలను బల్ల మీద పరిచి చూసుకోవచ్చు. ఎన్నింటిలో ఇల్లంటే డాబా ఇల్లు, నాన్నంటే ఆఫీసుకు వెళ్లే మనిషి? వంటింట్లో ఎన్నింటిలో అమ్మ ఒక్కతే ఉంది? మాంసం వండే ఇల్లు, మసీదు ఉన్న వీధి, చర్చికి వెళ్లే ఆదివారం ఎన్నింటిలో ఉన్నాయి? దళిత బిడ్డ కథానాయికగా ఉందా, లేక జాలి పుట్టించడానికే వచ్చి పోతుందా? హైదరాబాదులోని అన్వేషి స్త్రీ అధ్యయన కేంద్రం ఈ లోటును గుర్తించి రూపొందించిన ‘డిఫరెంట్ టేల్స్’ కథల పుస్తకాలు 2008లో డీసీ బుక్స్ ద్వారా ఇంగ్లీషు, తెలుగు, మలయాళ భాషల్లో వచ్చాయి. తలకాయ కూర వండే ముస్లిం ఇంటి గురించి మహమ్మద్ ఖదీర్‌బాబు, దళిత బాలిక తెగువ గురించి గోగు శ్యామల ఆ వరసలో రాశారు. పాఠ్యపుస్తకం ‘మామూలు ఇల్లు’ అనుకునేదాని బయట ఉన్న ఇళ్లు వాటిలో మామూలుగానే కనిపిస్తాయి. ఏ పాఠమూ చెప్పకుండా, ఎవరినీ ఉద్ధరించకుండా ఆ బతుకుల్లోని సరదాను చూపడమే వాటి బలం. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘సినబ్బ కథలు’ పెద్దల సాహిత్యంగా పేరుపొందినా పైతరగతుల పిల్లలు ఇష్టంగా చదవగలిగినవే. కావలి, చిత్తూరు మాటల తీరు అచ్చులో కనబడితే తమ నోటి మాటా పుస్తకానికి పనికొస్తుందని పిల్లలకు తెలుస్తుంది. పాలమూరు, ఉత్తరాంధ్ర పిల్లలకు కూడా అలాంటి పుస్తకాలు చేతికి రావాలి.

మాండలికం దాటితే వేరే భాషలే ఉన్నాయి. ఉత్తరాంధ్ర కొండల్లో సవర, కువి, ఆదిలాబాదులో గోండి, కొలామి, భద్రాచలం చుట్టూ కోయ, తండాల్లో బంజారా. ఈ పిల్లలు బడికి వచ్చిన రోజే పరాయి భాషలోకి అడుగుపెడతారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తెలుగువారు తలచుకునే గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకున్నారు, ఆ పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. సుమారు డెబ్బై ఏళ్ల తరువాత, 2004లో, ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసి బహుభాషా విద్య మొదలుపెట్టింది. వాచకం ఉన్నంత మాత్రాన చదివే అలవాటు రాదు, దాని చుట్టూ కథల పుస్తకాలుండాలి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వంటి వేదికలు ఇక్కడ అక్కరకొస్తాయి. అక్కడి కథలను స్వేచ్ఛగా అనువదించి, ముద్రించి వాడుకోవచ్చు. ఊళ్లోని పెద్దలు చెప్పిన కథను పిల్లలే రాసి, బొమ్మలు వేసి, కుట్టి, నంబరు వేసి బీరువాలో పెట్టడం అంతకంటే మంచి పద్ధతి. ఆదిలాబాదు ప్రాంతంలోని గుంజాల పేరుతో ప్రసిద్ధమైన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది కాబట్టి ఆ లిపిలో పుస్తకాలు తేవడానికి సాంకేతికమైన అడ్డూ తొలగుతోంది.

సరిహద్దు మండలాల్లో మరాఠీ, కన్నడ, తమిళ, ఒడియా పిల్లలు, అన్ని పట్టణాల్లో ఉర్దూ మీడియం పిల్లలు ఉన్నారు. తెలంగాణ ఇటుక బట్టీలకు ఏటా పశ్చిమ ఒడిశా నుంచి కుటుంబాలు వలస వస్తాయి. ఆ పిల్లల కోసం కొన్నిచోట్ల బట్టీల దగ్గరే ఒడియాలో తరగతులు నడిచాయి. బట్టీ సీజన్లో ఉండి వానలకు వెళ్లిపోయే బిడ్డకు సభ్యత్వ కార్డు, చిరునామా రుజువు అడిగితే పుస్తకం ఇవ్వనట్టే. ఇంగ్లీషు మీడియం విస్తరించాక మరో సమస్య వచ్చింది. రెండు రాష్ట్రాలూ ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇచ్చాయి. కథల పుస్తకాల్లో కూడా ద్విభాషా పుస్తకాలు పెరగాలి. తెలుగు పుస్తకాలను ‘చదువు రానివారివి’గా కింది అరలోకి నెట్టడం పిల్లలకు చేసే అన్యాయం.

వైకల్యం ఉన్న పిల్లల విషయంలో చట్టం ముందే నడిచింది, బడులు వెనకబడ్డాయి. 2012 కాపీరైట్ సవరణ, ముద్రణ చదవలేనివారి కోసం పుస్తకాలను వారికి అనువైన రూపంలోకి మార్చడాన్ని ఉల్లంఘన కాదని చెప్పింది. 2013 మర్రకేష్ ఒప్పందాన్ని అందరికన్నా ముందు 2014లో ధ్రువీకరించిన దేశం భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వచ్చింది. అదే ఏడాది వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. బడి స్థాయిలో ఆదర్శంగా తీసుకోదగినది ఎన్‌సీఈఆర్‌టీ ‘బర్ఖా: అందరి కోసం పఠన మాల’. అందులో ఒకే పేజీ మీద అచ్చు అక్షరాలు, బ్రెయిలీ చుక్కలు, వేలితో తడిమే బొమ్మలు కలిసి ఉంటాయి. చూపున్న బిడ్డ, చూపులేని బిడ్డ పక్కపక్కన కూర్చుని ఒకే పుస్తకం చదవగలరు. బ్రెయిలీ పుస్తకాలను విడిగా మూల అరలో పెట్టే పద్ధతి ఇలాంటి పుస్తకాల దగ్గర నిలవదు. జై విటేకర్ రాసిన ‘కన్నా పన్నా’లో గుహలో దీపాలు ఆరిపోయినప్పుడు అందరికీ దారి చూపేది చూపులేని కుర్రవాడే. వైకల్యం ఉన్న పాత్రను ఎలా రాయాలో ఆ చిన్న పుస్తకం చూపిస్తుంది.

తెలుగు ముద్రణకు సంబంధించిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. తెలుగులో వత్తులు అక్షరం కిందికి దిగుతాయి, గుడులు పైకెక్కుతాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు పెడితే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. మామూలు చూపున్నవారు సర్దుకుంటారు. చూపు తక్కువగా ఉన్న బిడ్డకు, చదవడాన్ని కష్టం చేసే డిస్లెక్సియా ఉన్న బిడ్డకు ఆ పేజీ అడవిలా ఉంటుంది. పెద్ద అక్షరం, వరుసల మధ్య ధారాళమైన ఖాళీ, మెరవని కాగితం, బొమ్మ మీద అచ్చు వేయకపోవడం: ఈ నాలుగూ కొనేముందు చూసుకోవలసినవి. భారతి బ్రెయిలీలో వత్తులు కిందికి దిగవు, వరసలోనే వస్తాయి కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది లేదు. కంప్యూటరున్న బడిలో ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు పాఠాన్ని చదివి వినిపిస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలకు, ఇంటి దగ్గరే చదువుకునే తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు బడి గ్రంథాలయం నుంచి పుస్తకాలు వెళ్లే ఏర్పాటు ఉండాలి. వాళ్ల ఇళ్లకు వెళ్లే ప్రత్యేక ఉపాధ్యాయుల సంచిలో రెండు కథల పుస్తకాలు పెడితే ఆ పని అవుతుంది.

పుస్తకాలను అమర్చే పద్ధతిలోనూ పక్షపాతం దాగి ఉంటుంది. మెల్విల్ డ్యూయీ 1876లో రూపొందించిన దశాంశ వర్గీకరణలో మతాలకు 200 నుంచి 299 దాకా ఉన్న చోటులో చాలా భాగం క్రైస్తవానికే వెళ్లింది, మిగతా ప్రపంచ మతాలన్నీ 290లలో ఇరుక్కున్నాయి. ఇంగ్లీషు సాహిత్యానికి 820 మొత్తం దక్కితే తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. చిన్న బడికి ఇంత పొడవు అంకెలు అక్కర్లేదు. రంగు చీటీలు, బొమ్మ గుర్తులు చాలు. అయితే ‘ఆడపిల్లల కథలు’, ‘గిరిజనుల పుస్తకాలు’ అని విడి అరలు పెట్టకూడదు. సాహసకథల అరలో ఆడపిల్ల సాహసం, విజ్ఞానం అరలో గిరిజనుల మొక్కల పరిజ్ఞానం ఉండాలి.

సమయం కూడా ఒక వనరే, అదీ అందరికీ సమానంగా లేదు. భోజన విరామంలో మాత్రమే గది తెరిస్తే వరసలో చివర నిలబడే చిన్నపిల్లలకు మిగిలేది అయిదు నిమిషాలు. బడి వదిలాక తెరిస్తే తమ్ముడిని ఎత్తుకోవలసిన, నీళ్లు పట్టవలసిన ఆడపిల్ల ఉండలేదు, చివరి బస్సు అందుకోవలసిన పిల్లా ఉండలేదు. అందుకే టైంటేబుల్లో ఉన్న పీరియడే న్యాయమైనది. ఆ పీరియడ్ లెక్కల టీచరుకు అప్పగించడం మొదలైతే ముందు నష్టపోయేది ఇంట్లో ఒక్క పుస్తకమూ లేని పిల్లలే. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు రాత్రీపగలూ అక్కడే ఉంటారు కాబట్టి స్టడీ అవర్‌లో అరగంట కథల పుస్తకానికి కేటాయించడం సాధ్యమే.

చివరిగా ఎంపిక. రాష్ట్రస్థాయిలో ఒకే జాబితాతో కొంటే ధర తగ్గుతుంది, కానీ కొత్తగూడెం కోయ బడికీ గుంటూరు పట్టణ బడికీ ఒకే కట్ట వెళ్తుంది. గ్రాంటులో కొంత భాగమైనా బడి తనంతట తాను ఖర్చు పెట్టుకునే వీలుండాలి. పుస్తక ప్రదర్శనకు పిల్లలను తీసుకెళ్లి వాళ్ల చేతనే ఎంపిక చేయించడం దానికి మంచి దారి. రకరకాల బతుకుల పుస్తకాలు వచ్చినచోట అభ్యంతరాలూ వస్తాయి. ట్రాన్స్‌జెండర్, భిన్న లింగ గుర్తింపు ఉన్న పిల్లలను బడిలో కలుపుకోవడంపై ఎన్‌సీఈఆర్‌టీ 2021లో విడుదల చేసిన శిక్షణ పత్రం వివాదం రేగగానే వెబ్‌సైటు నుంచి మాయమైంది. బడిలో అలా జరగకుండా ఉండాలంటే పద్ధతి ముందే రాసి ఉంచుకోవాలి. అభ్యంతరం రాతపూర్వకంగా రావాలి. దాన్ని చూసే కమిటీలో ప్రధానోపాధ్యాయుడు, గ్రంథాలయం చూసే టీచరు, తల్లిదండ్రులు, పైతరగతి విద్యార్థి ఉండాలి. నిర్ణయం వచ్చేదాకా పుస్తకం అరలోనే ఉండాలి. తల్లిదండ్రుల కోసం వెతకనక్కర్లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది వాళ్లే, సగం మంది మహిళలు, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి చోటుంటుంది. వారిలో చదవడం రానివారుంటే, వివాదంలో ఉన్న పుస్తకాన్ని సమావేశంలో మొదటి నుంచి చివరి దాకా బిగ్గరగా చదివి వినిపించాకే అభిప్రాయం అడగాలి. పిల్లల కథల పుస్తకం చాలావరకు పావుగంటలో పూర్తవుతుంది.